కిమిలిలి బస్సులో ఖాళీ లేదు

శుక్రవారం పొద్దున్న ఖయెంబా టీ తాగలేదు, నూనెలో వేయించిన మందాజీ రొట్టె ముట్టలేదు. నైరోబీలో బస్సు సీట్లు ఫోన్‌లో అమ్మే ఒక కంపెనీలో అతను ఇంజనీరు. క్రిస్మస్‌కి నగరమంతా ఒకేసారి ఊళ్ళకు బయలుదేరే సీట్ల అమ్మకం సోమవారం మొదలవుతుంది. ఆ తాకిడిని తట్టుకుంటూ సీట్ల లెక్క ఉంచే కొత్త డేటాబేస్ ఏదో సాయంత్రంలోగా అతను తేల్చి చెప్పాలి. కిందటేడు పాతది తడబడి ఒకే సీటును ఒక పాస్టరుకూ, ఒక పోలీసుకూ, కోళ్ళ బుట్టతో వచ్చిన ఒకావిడకూ అమ్మింది. దాన్ని ఎంచుకున్న ఇంజనీరు ఇప్పుడు ఊళ్ళో తానే కోళ్ళు పెంచుకుంటున్నాడు. అతని కుర్చీలోనే ఖయెంబా కూర్చుంటున్నాడు. కూర్చున్నప్పుడల్లా కోళ్ళు గుర్తొస్తున్నాయి.

పోటీలో మిగిలినవి రెండు. రెండూ నైరోబీ, మొంబాసా, కిసుములలోని మూడు కంప్యూటర్లలో ఒకే లెక్కను ఉంచుతాయి. మొదటిది మహా చురుకు, అడగ్గానే సీటు ఇచ్చేసి మిగతా రెండు ఊళ్ళకూ తీరిగ్గా చెబుతుంది. రెండోదానికి చాదస్తం, మూడింట్లో రెండైనా సరేనంటేగానీ ఎవరికీ సీటు ఇవ్వదు. చురుకైనది తప్పు చేస్తుందని భయం, చాదస్తంది ఆలస్యం చేస్తుందని భయం. ఈ రెండు భయాల మధ్య ఖయెంబాకు వారం రోజులుగా నిద్ర లేదు.

"తేల్చావా?" అంది యజమానురాలు కెరూబో, గుమ్మంలోంచే.

"పరీక్ష పెడుతున్నా మేడమ్."

"అచ్చం నిజం అమ్మకంలాగే ఉండాలి. సాయంత్రం కిమిలిలికి వేసిన అదనపు బస్సు ఇంకా అమ్మకానికి పెట్టలేదు, దాని మీద చూడు. పనయ్యేదాకా నీ ఫోను ఆపేసుకో. ఆ పాస్టరుగారికి మళ్ళీ క్షమాపణ చెప్పే ఓపిక నాకు లేదు."

చాదస్తందాన్నే ముందు పరీక్షకు పెట్టాడు. ఉత్తుత్తి ప్రయాణికులు కావాలి కదా, కల్పించిన ఫోన్ నంబర్లు వేస్తే సిస్టం ఒప్పుకోలేదు. ఖయెంబా సొంతూరు కిమిలిలి, నైరోబీలో ఉన్న ఆ ఊరివాళ్ళ సంఘానికి అతనే కార్యదర్శి. ఊరివాళ్ళ నంబర్లన్నీ దగ్గరే ఉన్నాయి కాబట్టి అవే ఎక్కించి, టికెట్టు తీసినవారి పేరు దగ్గర తన పేరు పెట్టాడు. వందలమంది ఒక్క బస్సు మీద ఒకేసారి పడ్డారు. మధ్యలో కిసుము కంప్యూటర్ని కావాలనే ఆపేశాడు. అయినా డేటాబేస్ బెదరలేదు. బస్సు నిండా సీట్లిచ్చి, మిగతావాళ్ళకు ఖాళీ లేదని చెప్పేసింది. ఖయెంబాకు కాస్త ఆకలి వేసింది.

అప్పుడు పక్క బల్ల దగ్గరి జెరోటిచ్ అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు పోయావంట కదా."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, పోయావంట. మీవాళ్ళు కింద రిసెప్షన్‌కి ఫోన్ చేశారు. శవం ఆఫీసులోనే ఉందా, మార్చురీకి పంపారా అని అడుగుతున్నారు."

ఖయెంబాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మెసేజీలు పంపే భాగాన్ని ఆపడం మరిచిపోయాడు. 'కిమిలిలికి మీ సీటు ఖరారైంది, టికెట్టు తీసినవారు ఖయెంబా' అని సీటు దొరికిన ఊరివాళ్ళ ఫోన్లన్నీ మోగాయి. ఆ ఊరివాళ్ళు అందరికీ కలిపి బస్సు మాట్లాడేది ఒక్క చావుకే. ఎవరు పోయినా సంఘానికి ఆ కబురు చెప్పేది కార్యదర్శే. ఇవాళ బస్సు వచ్చింది, కబురు రాలేదు, కార్యదర్శి ఫోన్ పలకడం లేదు. అంటే పోయింది కార్యదర్శేనని నిమిషంలో తేల్చేశారు.

ఆపేసిన ఫోను తెరిచి, నైరోబీలోనే ఉండే మేనత్త నాంజాలాకు చేశాడు.

"అత్తా, నేను ఖయెంబాని."

"చచ్చినోడి జేబులోంచి ఫోన్ లాక్కోడానికి నీకు చేతులెట్టా వచ్చినయిరా దొంగ వెధవా?" అని పెట్టేసింది.

ఊళ్ళో ఉన్న తల్లికి చేశాడు. ఆమె గొంతు గుర్తుపట్టింది, ఏడ్చింది, ఆపైన తిట్టింది.

"బతికున్నావని నాకొక్కదానికి తెలిస్తే చాలదు నాయనా. వాకిట్లో టెంటు వేసేశారు, చావు భోజనాలకు ఎద్దును కోస్తామంటున్నారు. నిన్ను కళ్ళారా చూస్తేగానీ ఎవరూ కదలరు. ఆ బస్సులోనే నువ్వూ రా."

ఇటు ఉద్యోగం, అటు ఎద్దు. ఖయెంబా బస్సు స్టేజీకి పరుగెత్తాడు. బస్సు నిండా తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు, పాటల పుస్తకాలతో చర్చి బృందం. అమ్మకానికే పెట్టని బస్సు నిండిపోయిందని విని వచ్చిన కెరూబో అప్పటికే మెట్టు దగ్గర నిలబడి ఉంది. అతను జరిగింది ఒక్క గుక్కలో చెప్పి, కోళ్ళ ఫారానికి మనసులో సిద్ధపడ్డాడు.

నాంజాలా కిటికీలోంచి అతన్ని చూసింది. సంతోషించింది, కాకపోతే ఎక్కువసేపు కాదు.

"ఉన్నావా? మరి మేం ఆఫీసుల్లో చావు సెలవు పెట్టొచ్చామే. ఇప్పుడు తిరిగెళ్ళి శవం లేచిందని చెప్పమంటావా? మేం దిగం. సీట్లు మావి."

కెరూబో బస్సెక్కి ఆ చివరిదాకా నడిచింది. ఒక్క సీటుకు ఒక్క మనిషే. ఎవరూ ఎవరి జుట్టూ పట్టుకోలేదు. ఆమె దిగి వచ్చేసరికి ఖయెంబా చేతులు నలుపుకుంటున్నాడు.

"మేడమ్, మా అమ్మకు కనపడాలి. నాకొక్క సీటు."

కెరూబో తన ఫోన్‌లో కొట్టింది. ఖాళీ లేదంది. యజమాని హోదాలో మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట.

"నాకైనా ఇవ్వదా?"

"ఆ కంప్యూటర్లు ఒప్పుకోవు మేడమ్."

కిందటేటి నుంచి చూడని నవ్వు ఆమె ముఖంలో కనిపించింది. "ఇదే తీసుకో. సోమవారం దీంతోనే మొదలుపెడదాం."

ఉద్యోగం నిలిచింది. చర్చి బృందం పాట అందుకుంది, బస్సు కదిలింది. చావుకు వెళ్ళేవాళ్ళందరికీ సీట్లు దొరికాయి, పోయినవాడు మాత్రం స్టేజీలో ఉండిపోయాడు.