సోఫాకు బొంత

సోఫా బయల్దేరిందని దుకాణం వాళ్లు ఫోన్ చేసేసరికి కొత్త కోడలు పళ్లు తోముకుంటోంది. ఆ నురుగుతోనే ఇల్లంతా రెండు చుట్లు తిరిగింది. పెళ్లయిన నలభై రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఎంచుకున్న మొదటి వస్తువు అది. మీగడ రంగు. ఆ రంగు వద్దని అత్తగారు ముందే చెప్పింది.

"తెల్ల సోఫా, నా కొడుకూ ఒకే ఇంట్లో వారం ఉండలేరమ్మా. చూస్తావుగా."

ఆవిడ చూడ్డానికి వచ్చేది రేపే. ఈలోగా సోఫా మీద చుక్క పడిందా, ఇక జీవితాంతం ఆ ఇంట్లో కర్టెన్ల రంగు కూడా అత్తగారే చెబుతుంది. అందుకే సోఫా దిగీ దిగగానే దాని మీదకి బొంత కుట్టాలని నిర్ణయమైంది. రెండు పాత నూలు దుప్పట్లు, మధ్యలో పలచటి రగ్గు. కొలతల గొడవ లేకుండా మూడింటినీ సోఫా మీదే పరిచి అక్కడికక్కడే కుట్టేద్దామన్న ఉపాయం ఆమెది. చెరో చివర నుంచి మొదలుపెట్టి, ముందు మధ్యకు వచ్చినవాళ్లే గెలిచినట్టన్న పందెం అతనిది.

బొంత కుట్టే సూది చూపుడు వేలంత ఉంటుంది. అది ఎంత లోతుకు పోతోందో చూసే తీరిక పందెంలో ఎవరికుంటుంది? మధ్యాహ్నానికి మోచేతులు తగిలాయి. ఆమె గెలిచింది. ఓడినందుకు అతను ఆమెకంటే ఎక్కువ సంబరపడ్డాడు. దులుపుదామని చెరో అంచూ పట్టుకుని లేపితే, సోఫా ముందు కాళ్లు కూడా లేచాయి.

"బరువు బాగా వచ్చింది," అన్నాడతను.

ఆమె వంగి చూసింది. ప్రతి కుట్టూ సోఫా గుడ్డలోంచే పోయింది. కత్తెర వెతికేలోపు గంట మోగింది. అత్తగారు. రేపటిదాకా ఆగలేకపోయిందట.

అతను తలుపు తీసి, పరుగున వచ్చి భార్య పక్కన బొంత మీద కూలబడ్డాడు. ఇద్దరూ లేవరు. ఏమైందని అడిగితే నడుము పట్టేసిందన్నాడు. ఇద్దరికీనా అని అడిగిందావిడ. సోఫా జరిపామంది కోడలు. అత్తగారు ఇద్దరినీ చెరో రెక్క పట్టుకుని లేపి, ముందు సోఫా చూడనివ్వండంటూ బొంతను ఒక్క గుంజు గుంజింది. పాతికేళ్లుగా పరుపులు దులిపిన చెయ్యి. కుట్లు ఊడలేదు. సోఫా గుడ్డే జానెడు చిరిగింది.

ఆవిడ ముఖం పాలిపోయింది. గబుక్కున చిరుగు మీద కూర్చుంది.

"ముట్టుకోకుండా చూసొస్తానని మీ మామగారికి మాటిచ్చానమ్మా. ఆయనతో అనకు."

"అత్తయ్యా, అసలు ఆ బొంత..."

"బొంతదేం తప్పు? చెయ్యి నాది." సోఫా చేతిని మెల్లగా నిమిరింది. "రంగు మాత్రం లక్షణంగా ఉంది. నువ్వన్నదే నిజం."

కోడలు నోరు మూసుకుంది. ఆ మాట కోసమే కదా పొద్దుటినుంచీ ఇంత కుట్టింది.

"రేపు పొద్దున్నే సూదీ దారం పట్టుకొస్తా," అంది అత్తగారు గొంతు తగ్గించి. "చిరుగు కనబడకుండా ఈ బొంతని సోఫాకే కుట్టేద్దాం. ఎవరికీ అనుమానం రాదు."

అలా కుడితే నిలుస్తుందా అని కొడుకు అమాయకంగా అడిగాడు.

"కుట్లయితే ఊడవు," అంది కోడలు.