రిమార్క్స్ గడిలో రెండు లైన్లు

భూమి లోపల ఏముందో తెలుసుకోవాలంటే ముందు చేయవలసిన పని, భూమికి వీలైనంత దూరంగా వెళ్ళి కూర్చోవడం! ఈ మాట మీకు వింతగా తోస్తే మీరు నూనె బావుల పనిలో లేరన్నమాట. ఉన్నవాళ్ళకు ఈ సత్యం నాలుగేళ్ళ కిందటే బోధపడింది. మా బావుల నుంచి హెడ్డాఫీసుకు లైవ్ కనెక్షన్ పెట్టింది అప్పుడే.

ఆ కనెక్షన్ మీద బావి తవ్వే యంత్రం, అదే మా రిగ్గు, దాని మీద పనిచేసే జనం నానా మాటలూ అంటుంటారు. నేను మాత్రం ఒప్పుకోను. అంతటి వరం మరొకటి లేదని ఈ వారం నిరూపించబోతున్నాను.

ముందు నా సంగతి. ఇరవై ఆరేళ్ళుగా లాగింగ్ ఇంజనీర్ని. ఆదివారం పూట ఈ కాలమ్ రాయడం నా పాడలవాటు. లాగింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు మూడు కిలోమీటర్ల లోతుకు బావి తవ్వుతారు. పైనుంచి తొంగి చూస్తే చీకటి తప్ప ఏమీ కనపడదు. అందుకని పొడుగాటి గొట్టాల్లాంటి పరికరాలను కేబుల్‌కు తగిలించి అడుగుదాకా దింపి, మెల్లగా పైకి లాగుతూ కొలతలు తీస్తాం. ఒక పరికరం ఆ రాయి ఇసుకరాయో బంకమట్టో చెబుతుంది. ఇంకొకటి కరెంటు పంపి చూస్తుంది. రాతిలో ఉప్పునీరుంటే కరెంటు సాఫీగా పోతుంది, నూనె ఉంటే మొరాయిస్తుంది. మరొకటి గోడకు ఆనుకుని జరుగుతూ రాతిలో ఖాళీ ఎంత ఉందో లెక్కకడుతుంది. ఇవన్నీ గీతలుగా వస్తాయి. ఆ గీతల పట్టీనే లాగ్ అంటారు.

పూర్వం ఆ పట్టీ ముందు నేనొక్కడినే కూర్చునేవాణ్ణి. ఎంత ఒంటరితనం! ఇప్పుడు నాతోపాటు నలభై ముగ్గురు చూస్తున్నారు. అందరం ఫోన్లో ఒకే గ్రూపులో ఉన్నాం. వాళ్ళలో బావిని కళ్ళారా చూసినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకరు రిటైరయ్యారు, కానీ గ్రూపులోంచి తీసేయడం ఎలాగో ఎవరికీ తెలియలేదు.

లైవ్ కనెక్షన్ వల్ల కలిగిన మేలు చెబుతాను వినండి. పరికరం అడుగుకు చేరకముందే గ్రూపులో బొటనవేళ్ళు లేస్తాయి. దేనికని అడక్కండి, ప్రోత్సాహం. మొన్న సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ, ఆ ఆకుపచ్చ గీత నీలంగా ఉంటే కంటికి హాయిగా ఉంటుందని రాశారు. నిజమే, మార్చాను, హాయిగా ఉంది. ఇంకొకాయన, ఆ గీత మరీ రంపంలా ఉంది, కాస్త నున్నగా చేయరాదా అన్నాడు. రాయి అలాగే ఉందండీ అని చెప్పబోయి ఊరుకున్నాను. రాయికి సిగ్గుండాలి గానీ ఆయనకెందుకు?

మరొక మేధావికి మరింత గొప్ప ఆలోచన వచ్చింది. దింపేటప్పుడే కొలిచేస్తే సగం టైము మిగులుతుంది కదా అన్నాడు. దిగేటప్పుడు కేబుల్ వదులవుతుంది, పరికరం ఎక్కడో తగులుకుని ఆగుతుంది, లోతు తప్పుతుంది. బిగించి పైకి లాగుతున్నప్పుడే లోతు నిజం చెబుతుంది. ఈ ముక్క రాస్తే ఆయన దండం బొమ్మ పెట్టాడు. అది ఒప్పుకోవడమో, వదిలేయమనడమో ఇంతవరకూ తేలలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడ తమ్ముడు అదే హెడ్డాఫీసులో పెద్ద కుర్చీలో ఉన్నాడు. ఏ బావిలో ఏ లోతున నూనె కోసం పరీక్షించాలో తేల్చే కమిటీకి అతనే పెద్ద. బుద్ధిమంతుడు, మర్యాదస్తుడు, నేనంటే గౌరవం. ఆఫీసు కాగితాలు మొదటి పేజీ దాటి చదివే తీరిక అతనికి లేదు. ఈ కాలమ్ మాత్రం ఆదివారం పొద్దున్నే, పళ్ళు తోముకోకముందే, చివరి అక్షరం దాకా చదువుతాడు. తనమీద ఏమైనా రాశానేమోనని భయం. ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా రాయలేదు. మా ఆవిడ రాయనివ్వలేదు.

మూడు వారాల కిందట కొత్త బావిలో లాగింగ్ చేశాం. పరికరం పైకి వస్తోంది. రెండు వేల నాలుగు వందల పది మీటర్ల దగ్గర నాలుగు మీటర్ల పలచని పొర తగిలింది. ఇసుకరాయి, కరెంటు బాగా మొరాయించింది, గోడ చెక్కుచెదరకుండా ఉంది. నూనె పొరే అనుకుని లోతు రాసిపెట్టుకున్నాను. గ్రూపులో ఎవరూ పలకలేదు. టీ టైము.

ఇంకో వంద మీటర్లు పైకి వచ్చాక, రాతిలో ఖాళీని చూపే గీత ఉన్నట్టుండి ఎగిరి అంచు తాకింది. ఇరవై మీటర్ల పొడవునా అదే తీరు. గ్రూపు నిద్రలేచింది. నలభై ముగ్గురికి యాభై ఆరు బొటనవేళ్ళు లేచాయి. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు ఆ పొరకు అప్పుడే పేరు పెట్టేశారు. హెడ్డాఫీసులో కేకు కోశారట, ఫొటో పంపారు.

నా దగ్గర ఇంకొక గీత ఉంది. బావి వెడల్పు చెప్పే గీత. దాన్ని కేలిపర్ అంటారు, చూడటానికి ఏమంత అందంగా ఉండదు. అక్కడ బావి గోడ కూలి, గుంత పొట్టలా ఉబ్బిందని అది చెబుతోంది. అంటే పరికరం గోడకు ఆనలేదు. అది కొలిచింది రాతిని కాదు, గుంతలో నిండిన బురదని! కేకు కోసింది బురదకి.

ప్రతి లాగ్ తలభాగంలో ఒక చిన్న గడి ఉంటుంది, రిమార్క్స్ అని. కొలిచినవాడు తన మాట చెప్పుకోవడానికి కంపెనీ ఇచ్చిన చోటు అదొక్కటే. ఆ గడిలో ఎర్రక్షరాలతో రెండు లైన్లు రాశాను. పై పొర దగ్గర బావి ఉబ్బింది, ఆ గీతను నమ్మకండి. కింద 2,410 దగ్గర పలచని పొరను ముందు పరీక్షించండి.

పావుగంటలో మా బావమరిది ఫోను.

"బావగారూ, బావున్నారా? అక్క బావుందా?"

"అందరం బావున్నాం. చెప్పు."

"ఏం లేదు, ఆ పైన ఎర్రగా రెండు లైన్లు ఉన్నాయి చూడండి. పైవాళ్ళకి చూపించే పేజీ కదా అది, కాస్త కంగారుగా కనపడుతోంది. తీసేద్దురూ."

"అది కంగారు పడాల్సిన సంగతేనయ్యా."

"తెలుసు బావగారూ. మీరు చెప్పారుగా, నా మనసులో పెట్టుకుంటాను. కాగితం మీద ఎందుకు?"

మనసులో పెట్టుకుంటానన్న మనిషిని ఇంకేమంటాం?

కింద నుంచి మొదలుపెట్టి పైకి పరీక్షించుకుంటూ రావడం మా పనిలో పాత పద్ధతి. కమిటీ కొత్త పద్ధతి పెట్టింది, అందంగా ఉన్నదానితో మొదలుపెట్టడం. బావిలో ఉక్కు గొట్టం దింపి, చుట్టూ సిమెంటు బిగించి, రాతిలో ఉన్నది లోపలికి వచ్చేలా కేకు కోసిన లోతున గొట్టానికి తూట్లు పొడిచారు. నీళ్ళొచ్చాయి. స్వచ్ఛమైన ఉప్పునీళ్ళు, రెండు రోజులపాటు ధారగా వచ్చాయి.

కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈ బావిలో నూనె లేదని తేల్చింది. రిగ్గు వేరేచోటికి కావాలట. సోమవారం పొద్దున తొమ్మిదికి సిమెంటు లారీ వస్తుంది. బావిని అడుగు నుంచి పూడ్చుకుంటూ వచ్చి, మూత బిగించి, అందరూ వెళ్ళిపోతారు. నా నాలుగు మీటర్ల పొర అడుగునే ఉండిపోతుంది. పూడ్చిన బావిని మళ్ళీ ఎవడు తెరుస్తాడు?

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు చిందులు తొక్కాను. నలభై ముగ్గురున్నారు, ఒక్కడైనా ఆ గుంతను చూశాడా, ఒక్కడైనా అడిగాడా అని. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

"మీరు గడిలో రాశారు కదా, మరి వాళ్ళెందుకు చూడలేదు?"

"మీ తమ్ముడు తీసేయమన్నాడు."

"వాడు తీసేయమన్నాడు సరే. తీసిందెవరు?"

నేనొక దుప్పటి అందుకుని మడతపెట్టబోయాను.

"వాడి కంప్యూటర్లోంచి తీశాడా, మీ కంప్యూటర్లోంచి తీశారా?"

చొక్కా మడత మీద ఆవిడ చెయ్యి ఆగింది. నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది. నా కంప్యూటర్లోంచి నేనే తీశాను. బంధువు అడిగాడు, గ్రూపంతా సంబరంగా ఉంది, ఒక్క మీట నొక్కితే సరిపోతుంది. కేబుల్ తెగినప్పుడు కూడా చెయ్యి వణకని మనిషిని, ఆ మీట నొక్కేటప్పుడు కూడా వణకలేదు. అదే నా బాధ.

చూశారా, లైవ్ కనెక్షన్ ఎంత వరమో! తిలాపాపం తలా పిడికెడు అన్నారు. ఇందులో నలభై మూడు పిడికిళ్ళు ఉన్నాయి, నా వాటా కనపడను కూడా కనపడదు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒంటరిగా కూర్చున్నప్పుడు ఈ సుఖం ఎక్కడుంది? అప్పుడు తప్పు చేస్తే నేనే చేయాలి, నిజం చెబితే నేనే చెప్పాలి.

నిన్న ఆ లాగ్‌లో రెండు లైన్లూ మళ్ళీ రాసి గ్రూపులో పెట్టాను. పదకొండు బొటనవేళ్ళు లేచాయి. చదివినవాడు ఒక్కడూ లేడు. కమిటీ పెద్దకు ఫోను చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజి వచ్చింది. అప్పుడు మా ఆవిడే అంది, వాడు చదివేది ఒకటే కదా, అందులో రాయండి అని. ఇన్నేళ్ళకు అనుమతి దొరికింది.

కాబట్టి పాఠకులు మన్నించాలి. ఇక్కణ్ణుంచి ఈ కాలమ్ ఒక్కడికే.

బావమరిదీ, నీ మీద రాశాను. పళ్ళు తర్వాత తోముకోవచ్చు. పై పొర దగ్గర బావి ఉబ్బింది, ఆ నీళ్ళను చూసి బావిని చంపకు. 2,410 దగ్గర తూట్లు పొడిచి చూడకుండా సిమెంటు పోయించకు.

ఈ రెండు లైన్లూ తీసేయమని నాకు ఫోన్ చేయకు, అచ్చయిపోయాయి. ఫోన్ చేసేదుంటే ఆ సిమెంటు లారీవాడికి చెయ్.