ఇంటికి ఒక్క ఓటు చాలు

ఇంటికి ఒక్క ఓటు చాలు. రెండో ఓటు గడప దాటి లోపలికొచ్చిందంటే, దాని వెనకాలే పేచీ కూడా చెప్పులు విప్పి వచ్చి కూర్చుంటుంది.

ఈ మాట అనగానే చదువుకున్నవాళ్ళు కొందరు మూతి ముడుస్తారు. ముడవనివ్వండి! మెల్‌బోర్న్ ఉత్తరాన ఉన్న మన తెలుగు సంఘంలో ఎనిమిదేళ్ళుగా నడుస్తున్న రూలే ఇది. దాన్ని రాసినవాళ్ళు మామూలు మనుషులా? రెండు వేల సంవత్సరం వచ్చిపడితే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకం వణుకుతుంటే, రెండంకెల పక్కన మరో రెండంకెలు చేర్చి లోకాన్ని నిలబెట్టిన ఘనులు! అంత లెక్క తెలిసినవాళ్ళు ఊరికే అన్నారా, సంఘంలో అరవై మూడు కుటుంబాలు, కనక అరవై మూడు ఓట్లు, ఓటు ఇంటి పెద్దది అని?

ఇంటి పెద్ద ఎవరంటారా? ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాకపోవడాన్నే సంస్కారం అంటారు.

ఈ రూలు వల్ల ఆడవాళ్ళకి ఎంత సుఖమో ఆలోచించండి. ఎవరికి వెయ్యాలా అన్న బెంగ లేదు. క్యూలో నిలబడి కాళ్ళు పీకించుకునే బాధ లేదు. ఆ మిగిలిన తీరికలో హాయిగా రెండువందల మందికి పులిహోర కలుపుకోవచ్చు, గారెలకి పప్పు రుబ్బుకోవచ్చు, బ్యాలెట్ పెట్టెకి ఎర్రగుడ్డ గలీబు కుట్టుకోవచ్చు!

ఆస్ట్రేలియా ప్రభుత్వానికి ఈపాటి తెలివి లేదు. మనిషికో ఓటు చొప్పున ఇష్టారాజ్యంగా పంచిపెట్టింది. అక్కడితో ఆగిందా? వెయ్యకపోతే, ఎందుకు వెయ్యలేదో చెప్పమని ఇంటికి ఉత్తరం రాస్తుంది. నిరుడు నవంబరులో, ఈ దేశానికి రాణిగారే చాలా, ఆవిడ బదులు ప్రెసిడెంటు కావాలా అని జనాన్ని అడిగితే కాత్యాయని కూడా వెళ్ళి ఓటేసి వచ్చింది. ఒక ఖండం మొత్తానికి ప్రెసిడెంటు ఉండాలో వద్దో చెప్పిన మనిషి, అరవై మూడు ఇళ్ళకి ప్రెసిడెంటు ఎవరో చెప్పకూడదు. గట్టు ఎక్కడ వెయ్యాలో మనవాళ్ళకి తెలిసినట్టు దొరలకేం తెలుసు?

కాత్యాయని ఎవరో చెప్పలేదు కదూ? సంఘం రిజిస్టరులో ఆమె పేరు ‘కేశవరావు ప్లస్ టూ’. ఆ ఇద్దరిలో ఒకరు కూతురు అనన్య, రెండోవారు ఈవిడ. వృద్ధాశ్రమంలో నర్సు. లేవలేని ముసలివాళ్ళని రోజుకి ఇరవై మందిని లేపి కూర్చోబెడుతుంది కాబట్టి, ఎనిమిదేళ్ళుగా కుర్చీలోంచి లేవని జనార్దనరావు గారిని కూడా లేపగలననుకుంది. అక్కడే పొరబడింది.

జనార్దనరావు గారు సంఘానికి పుట్టుక నుంచీ ప్రెసిడెంటు. ఎనిమిదిసార్లూ ఏకగ్రీవమే. పద్ధతి చాలా సులువు. ఆయన లాంజ్‌రూములో నలుగురు మగవాళ్ళు కాఫీ తాగుతారు. “నాకొద్దయ్యా ఈ బరువు” అని ఆయన అంటారు. “మీరు కాకపోతే ఇంకెవరండీ” అని ఆ నలుగురూ అంటారు. లోపల పాయసం కలుపుతున్న ఆడవాళ్ళకి గిన్నెలు సర్దే వేళకి కబురు తెలుస్తుంది. ఇంత చల్లగా జరిగే ఎన్నిక ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

అలాంటి చోట కాత్యాయని నామినేషన్ వేసింది! ప్రతిపాదించింది శ్యామసుందరి గారు. సంఘం మొత్తంలో ఓటున్న ఆడది ఆవిడ ఒక్కతే. మూడేళ్ళ కిందట భర్త పోయాడు, ఆవిడ ఇంటిపెద్ద అయింది. కనక మన సంఘంలో ఆడదానికి ఓటొచ్చే దారి లేదనడం శుద్ధ అబద్ధం. దారి ఉంది. కాస్త ఖరీదైన దారి, అంతే.

కాత్యాయని మేనిఫెస్టో ఒకటే వాక్యం. గెలిస్తే, పద్దెనిమిది నిండిన ప్రతి మనిషికీ ఓటు. అంటే ఆడవాళ్ళకి ఓటుండాలా వద్దా అన్నది మగవాళ్ళు ఓటేసి తేల్చాలన్నమాట. ఇంతకంటే నిష్పక్షపాతమైన ఏర్పాటు ఎవరు చెయ్యగలరు?

సరిగ్గా అదే నెలలో అమెరికాలో కూడా ప్రెసిడెంటు ఎన్నిక చిక్కుముడి పడిపోయింది. ఫ్లోరిడా అనే చోట కొన్ని వందల ఓట్ల దగ్గర బండి దిగబడింది. ఓటుకి గుర్తుగా పంచ్‌కార్డు మీద పొడవాల్సిన చిల్లు సరిగ్గా పడలేదట, అందుకని ఆ ఓట్లు చెల్లవట! ఈ సంగతి వినేసరికి కేశవరావుకి ఒళ్ళు మండిపోయింది. అతను కోబాల్ ప్రోగ్రామరు. కాలేజీలో ప్రోగ్రాములు చిల్లులుగా పొడిచిన పంచ్‌కార్డులు మోసినవాడు. కార్డుకి అవమానం జరిగితే తనకి జరిగినట్టే.

ఫ్లోరిడా అతను చూడలేదు. అక్కడ ఓటు లేదు, చుట్టం లేడు. అయినా మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో కొత్తగా కట్టుకున్న ఇంట్లో, వీధి చివర గడ్డి మేసే కంగారూలు తలెత్తి చూసేలా, మూడు ఆదివారాలు వరసగా గర్జించాడు. “ఒక్క ఓటు కూడా వదలకూడదు! లెక్కపెట్టాల్సిందే! ప్రజాస్వామ్యం అంటే ఆషామాషీనా?”

పకోడీల పళ్ళెం బల్ల మీద పెడుతూ కాత్యాయని అడిగింది. “ఎవరి ఓట్లండీ?”

“ఎవరివేమిటే, ప్రజలవి!”

“ఆహా” అని ఆమె ఖాళీ కాఫీ కప్పులు పట్టుకుని లోపలికి వెళ్ళింది.

మన ఎన్నిక ఫ్లోరిడాలా కాకూడదని కేశవరావే పూనుకుని పద్ధతి తయారుచేశాడు. ప్రతి బ్యాలెట్ కాగితానికీ ఒక నంబరు. రిజిస్టరులో ఆ నంబరుకి ఎదురుగా సభ్యుడి పేరు, సంతకం. బ్యాంకులో రెండేళ్ళు టెస్టింగు చేసినవాడికి ఆడిట్ లేకుండా అన్నం సహించదు. అందరూ చప్పట్లు కొట్టారు. రహస్య ఓటు అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినవాళ్ళు వంటింట్లో ఉన్నారు. ఎన్నికల అధికారిగా హైదరాబాద్ నుంచి వచ్చిన టెస్టింగ్ ఇంజనీరు ఉబైద్‌ని పెట్టారు. పెళ్ళి కాలేదు, కుటుంబం లేదు, కనక ఓటు లేదు, కనక నిజాయితీపరుడు.

ఎన్నికకి మూడు రోజుల ముందు జనార్దనరావు గారు ఫోన్ చేశారు. ఆయన కేశవరావుకి సంఘంలోనే కాదు, పనిచేసే బ్యాంకులో కూడా పెద్ద. టీమ్ లీడు.

“ఏమయ్యా కేశవరావ్, అమ్మాయి కాత్యాయని సరదా పడుతోంది, పడనీ. నేనేం అనుకోను. అవునూ, డిసెంబరుతో నీ కాంట్రాక్టు అయిపోతోంది కదూ?”

“అవునండీ.”

“ఆ రెండు వేల సంవత్సరం గోల, వైటూకే, అయిపోయాక మనవాళ్ళని పట్టించుకునేవాడు లేడయ్యా. నీ సంగతి నేను చూసుకుంటాలే. ఆదివారం కలుద్దాం.”

చూశారా, ఓటు మాట ఒక్కటైనా ఎత్తారా? పెద్దమనిషి అంటే అలా ఉండాలి!

ఆ మూడు రోజులూ కేశవరావు బుర్రలో ప్రోగ్రాం తిరుగుతూనే ఉంది. కాత్యాయని ఎలాగూ గెలుస్తుంది. పురుళ్ళకి, జ్వరాలకి ఆమె వెళ్ళని ఇల్లు లేదు, నలభై ఓట్లు ఖాయం. అంత మెజారిటీలో తన ఒక్క ఓటు ఏ మూలకి? అది జనార్దనరావు గారికి పడితే, రేపు ఆయన కళ్ళలోకి సూటిగా చూసి నవ్వొచ్చు. ఇంట్లో ప్రెసిడెంటు, ఆఫీసులో కాంట్రాక్టు. నంబర్లంటావా, తగాదా వస్తేనే కదా చూసేది? నలభై వచ్చినచోట తగాదా ఎందుకొస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం హాలుకి వెళుతుంటే కారు వెనక సీటులోంచి అనన్య అడిగింది. “డాడ్, వై కాంట్ మమ్ వోట్ ఫర్ హర్‌సెల్ఫ్?”

“నేను వేస్తాగా నాన్నా. నాదైనా అమ్మదైనా ఒకటే.”

కాత్యాయని కిటికీలోంచి బయటికి చూస్తోంది. “మర్చిపోకండి” అంది. అంతే.

కేశవరావు మర్చిపోలేదు. రిజిస్టరులో సంతకం పెట్టాడు, కాగితం తీసుకున్నాడు, తెర వెనక్కి వెళ్ళాడు, జనార్దనరావు గారి పేరు పక్కన టిక్కు పెట్టి నాలుగు మడతలు పెట్టాడు. బయటికొచ్చి భార్య వంక చూసి బొటనవేలు పైకెత్తాడు కూడా!

నాలుగింటికి లెక్క తేలింది. జనార్దనరావు గారికి ముప్ఫై రెండు. కాత్యాయనికి ముప్ఫై ఒకటి.

మగవాళ్ళ చప్పట్లు సగంలో ఉండగానే శ్యామసుందరి గారు లేచింది. “ఒక్క ఓటేగా తేడా? మళ్ళీ లెక్కపెట్టండి. ఫ్లోరిడాకి లేని మొహమాటం మనకెందుకూ?”

జనార్దనరావు గారు నవ్వారు. “సిస్టమ్ రాసింది కేశవరావు. నువ్వు చెప్పవయ్యా, రీకౌంట్ కావాలా?”

మూడు వారాలు రీకౌంట్ రీకౌంట్ అని గొంతు బొంగురు పోగొట్టుకున్నవాడు ఇప్పుడు వద్దని ఎలా అంటాడు? మిగతా అరవై ఒక్క జతల మగ కళ్ళూ, లెక్కలోకి రాని మరి కొన్ని జతలూ అతని మీదే ఉన్నాయి.

“అంటే... టైమ్ అవుతోందేమో... టీ తాగి...”

“ఐదు నిమిషాల పనే అంకుల్” అన్నాడు ఉబైద్.

ఉబైద్ టెస్టింగ్ మనిషి. కేసు నంబరు, పేరు, ఫలితం, మూడూ పైకి చదవకుండా టిక్కు పెట్టడం అతని వృత్తిలో లేదు. రిజిస్టరు ఒక చేత్తో, కాగితాలు ఒక చేత్తో పట్టుకుని మొదలెట్టాడు. “నంబర్ ఒకటి, ఉమామహేశ్వరరావు గారు, జనార్దనరావు గారికి. నంబర్ రెండు, కృష్ణమూర్తి గారు, కాత్యాయని గారికి.”

కృష్ణమూర్తి ఉలిక్కిపడ్డాడు. జనార్దనరావు గారి కనుబొమ్మ లేచింది. తొమ్మిదో నంబరు దాకా వచ్చేసరికి హాలులో పరిస్థితి అందరికీ అర్థమైంది. లక్ష్మీనారాయణ బాత్‌రూముకని లేస్తే, అతని భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

కేశవరావు నంబరు పదిహేడు. పద్నాలుగు దగ్గర అతను ముందుకొచ్చి గొణిగాడు. “ఉబైద్, పేర్లెందుకు బాబూ, నంబర్లు చాలు.”

“మీరే కదా అంకుల్ చెప్పిన్రు, పేరుతో టాలీ కావాలని? రూల్ నంబర్ ఫోర్. మీ సంతకం కూడా ఉంది.” పేజీ తిప్పి చూపించాడు. పాపం, కుర్రాడికి కల్మషం లేదు. పదిహేనూ చదివాడు, పదహారూ చదివాడు.

“నంబర్ పదిహేడు, కేశవరావు గారు...” కాగితం మడత విప్పి ఒకసారి, వెలుతురులోకి పట్టి ఇంకోసారి చూశాడు. “జనార్దనరావు గారికి.”

మిగతా నలభై ఆరూ ఎవరు విన్నారు? అనన్య మాత్రం వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. ముప్ఫై ఒకటికి ఒకటి కలిపితే ఎంతో, ముప్ఫై రెండులోంచి ఒకటి తీస్తే ఎంతో దానికి కాలిక్యులేటరు అక్కర్లేదు.

కాత్యాయని నేరుగా ఉబైద్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

“కొత్త సభ్యత్వం ఫారం ఒకటియ్యి బాబూ. సింగిల్‌ది.”

ఈ ఐటీ గాలికి కొట్టుకొస్తున్న బ్రహ్మచారుల కోసం కమిటీ కిందటి నెలే ఆ ఫారం అచ్చేయించింది. వచ్చే ఏడాది నుంచి ఫారానికో ఓటు. అందులో పెళ్ళయిందా అన్న గడి లేదు. ఆడా మగా అన్న గడి కూడా లేదు. ఆ గడులు అవసరమవుతాయని ఆ మేధావుల్లో ఎవరికీ తోచలేదు. ఎవరొస్తారని?

ఉబైద్ రూల్స్ కాగితం రెండుసార్లు చదివాడు. “ఇందులో కుదరదని రాయలేదు ఆంటీ. పాత మెంబర్ ఒకరి సంతకం కావాలి, గంతే.”

కాత్యాయని ఫారం నింపి, కలం భర్త ముందుకి చాచింది. “పెట్టండి.”

కేశవరావు జనార్దనరావు గారి వంక చూశాడు. ఆయన పైకప్పు వంక చూస్తున్నారు.

“అందరి ముందూ ఇప్పుడిదేమిటే... ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పద.”

“ఇంటి సంగతి తరవాత. సంతకం పెడతారా, పెట్టరా?”

అతను కలం అందుకోలేదు. శ్యామసుందరి గారు అందుకుంది. ఫారం మీద గట్టిగా ఒత్తి సంతకం చేసి, కాత్యాయని చేతిలో పెట్టింది.

“నాకు ఓటు రావడానికి మా ఆయన పోవాల్సొచ్చిందే తల్లీ. నీకు కాగితంతో సరిపోయింది. అదృష్టవంతురాలివి.”

ఆడవాళ్ళు నవ్వారు. ముందు లక్ష్మీనారాయణ భార్య వచ్చి నిలబడింది, మొగుడి చొక్కా వదిలేసి. తరవాత ఇంకో ఇద్దరు. కాసేపటికి గరిటెలు ఎక్కడివక్కడ పడేసి వంటిల్లంతా వచ్చి వరస కట్టింది. ఫారాలు అయిపోతే ఉబైద్ జిరాక్స్ మిషన్ ఎక్కడుందని అడిగాడు. శ్యామసుందరి గారు కుర్చీ లాక్కుని, సంతకాలకి స్థిమితంగా కూర్చుంది.

చూశారుగా! ఇంటికి ఒక్క ఓటు ఉన్నన్నాళ్ళూ ఎంత ప్రశాంతంగా ఉన్నాం? ఎవరి మొగుడు ఎవరికి వేశాడో ఎవరికీ తెలియని ఆ రామరాజ్యం ఇక వస్తుందా?

కేశవరావు వెళ్ళి ఒక్కడే కారులో కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక రేడియో పెట్టాడు. ఫ్లోరిడాలో గడువు ముంచుకొస్తోందట, లెక్కపెట్టని ఓట్లు లెక్కపెట్టకుండానే పక్కన పెట్టేసేలా ఉన్నారట. అతనికి నరాలు పొంగాయి. ఇంత అన్యాయమా? జనం ఓట్లంటే అంత చులకనా? ఆ కోపంలో స్టీరింగ్ మీద ఒక్క గుద్దు గుద్దేసరికి హారన్ పెద్దగా మోగింది.

హాలు గుమ్మం దాకా వచ్చిన ఆడవాళ్ళ క్యూ ఒకసారి ఇటు తిరిగి చూసి, మళ్ళీ ముందుకు కదిలింది.