కొత్త బండి వణుకు

ఆదివారం పొద్దున్నే బయల్దేరి, ఢిల్లీ శివారు వైశాలిలో ఉన్న అక్క నాగేంద్రమ్మ ఇంట్లో భోజనం చేసి, చీకటి పడకముందే తిరిగి వచ్చేయాలన్నది హైమవతి ఆలోచన. మెట్రోలో వెళదామని కూడా అంది. కానీ కొత్త మోటార్‌సైకిల్ గుమ్మం ముందు పెట్టుకుని మెట్రో ఎక్కడమంటే ఆమె భర్త వీరభద్రరావుకి తల కొట్టేసినట్టే. ఆయన సైన్యంలో సుబేదారు. బళ్ళ మరమ్మతు ఆయన విద్య, దాన్ని కుర్ర జవాన్లకి నేర్పడం ఆయన ఉద్యోగం. ఢిల్లీ కంటోన్మెంటులో ఏ ట్రక్కు మూలిగినా ముందు ఆయన్నే పిలుస్తారు.

హైమవతి కుచ్చిళ్ళు సర్దుకుని వెనక ఒకపక్కగా కూర్చుంది. ధౌలా కువా దాకా ప్రయాణం బాగానే సాగింది. రింగు రోడ్డు మీదకి రాగానే వీరభద్రరావుకి రెండు సిటీ బస్సుల మధ్య సందు కనిపించింది. బుద్ధున్నవాడెవడూ ఆ సందులో చెయ్యి కూడా పెట్టడు. ఆయన బండి పెట్టాడు. హైమవతికి మోకాళ్ళ దగ్గర వణుకు పుట్టి నడుము దాకా పాకింది. ఆవిడ ఎడంచేత్తో బిగించి పట్టుకున్న వెనక కడ్డీ టకటకలాడింది. బస్సులు దాటాక అన్నీ సర్దుకున్నాయి.

"హైమా, ఏదో వైబ్రేషన్ వచ్చింది, గమనించావా?" అన్నాడాయన తల కొంచెం వెనక్కి తిప్పి.

'అది బండి కాదు, నేనే' అని అప్పుడే అనేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ సైనికుడి పెళ్ళాం సిటీ బస్సుకి వణికిందంటే ఎంత సిగ్గు! పైగా ఈ మనిషి డ్రైవింగుకి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. "అవునండీ, నాక్కూడా తెలిసింది" అనేసింది.

అంతే, బండి వెనక్కి తిరిగింది. చేపల పులుసు పెట్టుకుని ఎదురుచూస్తున్న నాగేంద్రమ్మకి ఫోన్ చేసి, "బండి బాగాలేదక్కా" అని ఇంకో అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం వీరభద్రరావు చైను బిగించాడు, టైర్లలో గాలి చూశాడు, సీటు విప్పి కింద ఉన్న బోల్టులన్నీ తడిమాడు. ప్రతి పరీక్షకీ హైమవతిని ఎక్కించుకుని మళ్ళీ ఆ బస్సుల మధ్యకే తీసుకెళ్ళాడు. బస్సులు కనపడగానే వణుకు, దాటగానే మాయం. షోరూము వాళ్ళు బండిని అట్టేపెట్టుకుని, ఏ లోపమూ లేదని తిప్పి పంపారు. ఆయనకి పంతం పెరిగింది.

"బస్సుల మధ్యే వస్తోందంటే గాలి ఒత్తిడికి ఛాసిస్ కంపిస్తోందన్నమాట. ఇది డిజైన్లోనే ఉన్న లోపం!"

"మెల్లిగా పోతే రాదేమోనండీ" అంది హైమవతి పప్పు కలుపుతూ, ఆశగా.

"మెల్లిగా పోతే ఎలాంటి లోపమైనా దాక్కుంటుందే పిచ్చిదానా!"

సంగతి యూనిట్లో పాకింది. ఒకనాడు ఆయన మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. కల్నల్ సాబ్ స్వయంగా బండి తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసి, తమ సుబేదారు చెప్పాడంటే తప్పు కాదనీ, బండి మార్చి ఇవ్వాల్సిందేననీ అన్నాడట. ఇక దాచడం పాపమని హైమవతి అన్నం దగ్గర నోరు తెరిచింది. "సాబ్ నా మాట మీద నిలబడ్డాడే" అని ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోతుంటే, చెప్పాల్సిన మాటని ముద్దతో పాటు మింగేసింది. ఆ తర్వాత ఆవిడకి తిన్నది ఒంటబట్టలేదు. ఇప్పుడు నిజం బయటపడితే ఇంట్లో కాదు, కల్నల్ ముందు ఈయన తల వంచుకోవాలి.

గుర్‌గావ్ నుంచి కంపెనీ ఇంజనీరు సక్సేనా వచ్చాడు. పాపం, మెతక మనిషి. సీటు కింద ఒక చిన్న యంత్రం తగిలించి, కంపనం వస్తే ల్యాప్‌టాప్‌లో గీత ఎగిరిపడుతుందని చెప్పాడు. క్వార్టర్స్‌లో ఖాళీగా ఉన్నవాళ్ళంతా మూగారు. వీరభద్రరావు ఒక్కడే నడిపి వచ్చాడు. గీత కదలలేదు. కూతురు శ్రుతిని ఎక్కించుకుని వచ్చాడు. అప్పుడూ కదలలేదు.

"ముఝే తో కుఛ్ నహీ లగా, పాపా", నాకైతే ఏమీ తెలియలేదు అంది శ్రుతి ఫోన్లోంచి తలెత్తకుండానే. ఢిల్లీలో పుట్టిన పిల్ల, దానికి బస్సులు లెక్కలేదు.

"దీని బరువు చాలదు. మా ఆవిడ డెబ్భై ఎనిమిది కిలోలు!" అని వీరభద్రరావు హిందీలో గట్టిగా ప్రకటించాడు. హైమవతికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంత బరువూ తూచి ఇసక బస్తా కట్టారు. బస్తా కూడా నిబ్బరంగా వెళ్ళి వచ్చింది.

ఆఖరికి హైమవతి ఎక్కింది. ఈసారి గీత పిచ్చిపట్టినట్టు ఎగిరింది.

"చూశారా!" అన్నాడు వీరభద్రరావు విజయగర్వంతో.

సక్సేనా తల గోక్కున్నాడు. "సార్, ఒక్కసారి నేను నడుపుతాను. మేడమ్ వెనక కూర్చోవాలి."

ఎలాగైనా వణకాలి, ఆయన పరువు నిలబెట్టాలి అనుకుంటూ ఎక్కింది హైమవతి. కానీ ఆ సక్సేనా బస్సులు కనబడితే వాటిని ముందుకి పోనిచ్చాడు. పసుపు దీపానికే ఆగాడు. ఆవిడ మోకాళ్ళు ఎంత కదిపినా, పళ్ళు ఎంత బిగించినా వణుకు రాదే! కావాలని వణకడం ఎవరికి చేతనవుతుంది? కాసేపటికి ఆ ప్రయత్నం కూడా మర్చిపోయింది. రోడ్డు పొడుగునా రేలచెట్లు పసుపుపచ్చగా పూశాయని ఆవిడ ఆరోజే చూసింది. ఇన్నాళ్ళూ ఆ దారిలో కళ్ళు మూసుకునే ఉంది మరి.

తిరిగొచ్చాక అందరూ ల్యాప్‌టాప్ మీదకి వంగారు. గీత పడుకునే ఉంది. సక్సేనా మర్యాదస్తుడు, తల వంచుకుని వైర్లు చుట్టసాగాడు. వీరభద్రరావు మాత్రం చేతులు కట్టుకుని, జవాన్లకి పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"బండి అదే. రోడ్డు అదే. వెనక మనిషీ అదే. ఇక మారింది..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మెల్లిగా భార్య వైపు తిరిగాడు.

"భయపడ్డావా?"

"బస్సుల మధ్య మాత్రమేనండీ."

"మొదటి రోజు నుంచీనా?"

హైమవతి తలూపింది.

"మరి చెప్పవేమే?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని..." అంది ఆవిడ నేల చూస్తూ.

సరిగ్గా అప్పుడే కల్నల్ సాబ్ ఫోన్. వీరభద్రరావు అలవాటు కొద్దీ నిటారుగా నిలబడ్డాడు. ఏదో ఒక వంక చెబుతాడనుకుంది హైమవతి. చెప్పినా బాగుండుననుకుంది.

"సాబ్, బండిలో ఏ లోపమూ లేదు. లోపం నా డ్రైవింగులో ఉంది. మీచేత అనవసరంగా కంపెనీకి ఫోన్ చేయించాను, క్షమించండి."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు. శ్రుతి కూడా ఫోన్ దించి నాన్న వంక చూసింది. నాలుగు గోడల మధ్య ఒక్క మాటతో పోయేదాన్ని తానే ఇంతదాకా మోసుకొచ్చానని హైమవతికి ఏడుపొచ్చింది. ఆయన అంత మాట అందరి ముందూ అనగలడని మాత్రం ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. వీరభద్రరావు గుడ్డ తీసుకుని, మెరుస్తున్న బండినే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఎవరి మొహమూ చూడలేదు.

ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పై క్వార్టరు బాల్కనీలోకి అప్పుడే వచ్చిన పొరుగమ్మాయి హరిప్రియ కిందకి వంగి అడిగింది. "ఆంటీ! లోపం ఎక్కడుందో దొరికిందా? కొత్తది ఇస్తామన్నారా?"

హైమవతి కళ్ళు తుడుచుకుని, బండి తుడుస్తున్న భర్త వంక ఒకసారి చూసింది.

"ఇవ్వరటమ్మా. ఉన్నదాన్నే సరిచేసుకుని వాడుకోవాలట."