పదకొండు ఛాతీలు, ఒక జత ఊపిరితిత్తులు

ఆ సోమవారం పొద్దున సంపత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బొగ్గు గనిలో కాంట్రాక్టు మీద పనిచేసే డంపర్ డ్రైవర్లు పదకొండు మందికి ఏడాది ఫిట్‌నెస్ పరీక్ష. వాళ్ళ ఛాతీ ఎక్స్‌రేలను మధ్యాహ్నంలోగా కంప్యూటర్లో శుభ్రం చేసి ఖమ్మం పంపించేయాలి. ఒంటిగంటకల్లా ఇంటికి చేరి, పచ్చిపులుసు పోసుకుని అన్నం తిని, అరగంట కునుకు తీయాలి. పథకంలో లోపమేమీ లేదు. లోపమంతా సంపత్ చేతుల్లోనే ఉంది.

ఆ చేతులు ఇరవై రెండేళ్ళు సత్తుపల్లిలో ఫోటో స్టూడియో నడిపిన చేతులు. పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరిపాయి, పెళ్ళికొడుకుల నెత్తి మీద లేని జుట్టు మొలిపించాయి. పాస్‌పోర్టు ఫోటో కోసం లుంగీ మీద వచ్చినవాడికి కూడా కంప్యూటర్లో కోటు తొడిగి, టై కట్టి పంపించాయి. కోటు మాత్రం ఒక్కటే. ఎవరొచ్చినా దాని మీద తలకాయ మార్చడమే పని. చుట్టుపక్కల నాలుగు మండలాల నిరుద్యోగులు అదే కోటులో దరఖాస్తులు పెట్టుకున్నారు, కొందరికి ఉద్యోగాలు కూడా వచ్చాయి.

తర్వాత అందరి జేబుల్లోకీ మంచి కెమెరా ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడింది. నలభై ఆరేళ్ళ వయసులో కొత్త పని వెతుక్కుంటున్న సంపత్‌ను డాక్టర్ సునంద తన స్కానింగ్ సెంటర్లో పెట్టుకుంది. అప్పుడే ఆవిడ ఎక్స్‌రే బొమ్మలను మెరుగుపరిచే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నది. మసకను తేటపరుస్తుంది, చుక్కల్ని తగ్గిస్తుంది, ఎముక అంచును స్పష్టంగా చూపిస్తుంది. బుద్ధిమంతురాలైన సాఫ్ట్‌వేర్ కనుక లేనిదాన్ని పుట్టించదు. రేడియోగ్రాఫర్ హెప్సిబా ఎక్స్‌రే తీస్తే, సంపత్ దాన్ని సాఫ్ట్‌వేర్లో వేసి ఖమ్మం పంపాలి. అక్కడ డాక్టర్ హరిప్రసాద్ చూసి రిపోర్టు రాస్తాడు.

మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తానంది సునంద. రెండున్నర నెలలు గడిచాయి. ఈలోపు మసకగా ఉన్నాయని రెండు ఎక్స్‌రేలు ఖమ్మం నుంచి తిరిగొచ్చాయి. ఆవిడ కోప్పడలేదు. "మూడోది తిరిగొస్తే నువ్వు కూడా దాంతోపాటే ఇంటికి వెళ్ళిపో సంపత్" అని మెల్లగా చెప్పి, గ్లౌజులు తొడుక్కుంది. అరిచి చెప్పి ఉంటే సంపత్ ఇంతగా భయపడేవాడు కాడు.

పదకొండు మందీ రాత్రి షిఫ్టు దిగి నేరుగా జీపులో వచ్చారు. బయట జీపు డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. హెప్సిబా వరసగా నిలబెట్టి, "ఊపిరి పీల్చి ఆపండి" అంటూ గబగబా తీసేసి, లోపల కడుపుతో ఉన్న ఆమెకు స్కానింగ్ ఉందని వెళ్ళిపోయింది. బొమ్మలు సంపత్ తెర మీద ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆదినారాయణ ఊపిరి ఆపమన్నప్పుడు దగ్గాడు. రామ్‌సింగ్ ఆవలించాడు. దూలయ్య ఫోటో ఎటునుంచి తీస్తారో చూద్దామని వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళు వాళ్ళను చూసి నవ్వారు. పదకొండూ పొగమంచులో తీసినట్టున్నాయి.

సంపత్ వీధిలోకి పరుగెత్తేసరికి జీపు మలుపు తిరిగిపోయింది. సాఫ్ట్‌వేర్లో వేస్తే మసక కాస్త పలచబడింది తప్ప పోలేదు. మూడో ఎక్స్‌రే తిరిగొస్తే ఉద్యోగం పోతుందంటే, ఒకేసారి పదకొండు తిరిగొస్తే ఏం పోతుందో ఊహించడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. చేరిన రోజున మిషను పరీక్షించడానికి హెప్సిబా సంపత్ ఛాతీకే ఒక ఎక్స్‌రే తీసింది. ఫోటో అంటే ఎలా నిలబడాలో తెలిసిన మనిషి కనుక అది అద్దంలా వచ్చింది. సంపత్ ఇంటి నుంచి తెచ్చుకున్న పాత స్టూడియో ల్యాప్‌టాప్ తెరిచాడు. మెడ, భుజాలు ఎవరివి వాళ్ళకే ఉంచి, నడుమ తన ఊపిరితిత్తులు పెట్టాడు. అంచులు అద్దాడు, నీడలు కలిపాడు. 'ఎలాగూ అందరూ గట్టి మనుషులే, టన్నుల కొద్దీ బొగ్గు మోసే బండ్లు తోలుతుండ్రు, వీళ్ళకేం రోగం' అని మనసుకు సర్ది చెప్పుకున్నాడు. ఒంటిగంటకు ఇంట్లో ఉన్నాడు. పచ్చిపులుసు బాగా కుదిరింది.

మంగళవారం హరిప్రసాద్ ఫోన్ చేశాడు. సునంద అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"ఏం బొమ్మలు సునందా! పెద్ద పెద్ద సెంటర్ల నుంచి కూడా నాకు ఇట్ల రావట్లేదు. ఎవరు చేస్తున్నరు?"

"సంపత్ అని కొత్తగా పెట్టుకున్నాను సార్."

"వదులుకోకు."

ఒకటో తారీఖున పర్మనెంట్ ఆర్డరు చేతికిస్తానని సునంద మాటిచ్చింది. సంపత్ ఇంటికి పోతూ అరకిలో మైసూర్‌పాక్ కట్టించుకున్నాడు. భార్య అరుణశ్రీ ఒక ముక్క తిని, "ఉద్యోగం సంగతి సరే, రెండు నెలలాయె దగ్గవట్టి. ఒక్కపాలి మీ మేడంకు చూపించుకోరాదా?" అంది. "బొగ్గు లారీల దుమ్మే, ఏం కాదు" అన్నాడు సంపత్.

బుధవారం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి హరిప్రసాద్ గొంతు పూర్తిగా మారిపోయింది. మొదటి ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన చిన్న మచ్చ కనిపిస్తే ఏదో దుమ్ము అనుకుని పట్టించుకోలేదట. రెండోదాంట్లోనూ వదిలేశాడు. తీరా పదకొండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పదకొండింట్లోనూ అదే మచ్చ, అదే చోట.

"టీబీ సునందా. డ్రైవర్ల క్యాంపు మొత్తానికి పాకింది. మచ్చలన్నీ ఒకటే సైజులున్నయంటే అందరికీ ఒకటే రోజు అంటుకుని ఉంటది. దూలయ్య అనేటాయనకు కొంచెం ఎక్కువున్నట్టుంది, అతన్ని ముందు చూడాలె."

మధ్యాహ్నానికల్లా పదకొండు డంపర్లు ఆగిపోయాయి. ఆరోగ్య కార్యకర్త జంపక్క స్కూటీ మీద కళ్ళె పరీక్షకు పట్టే డబ్బాల సంచి వేసుకుని క్యాంపులో దిగింది. క్యాంపు పక్కన టీ హోటల్ నడిపే యోనా గ్లాసుల వల్లే అంటుకుందని ఎవరో అన్నారు. అన్నదెవరో తేలేలోపు యోనా గ్లాసులన్నీ ఉడకబెట్టి, కాగితపు కప్పులు తెచ్చి, "మా హోటల్లో రోగం లేదు" అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. అప్పటిదాకా ఆ సంగతి తెలియనివాళ్ళు కూడా అది చదివి తెలుసుకున్నారు. తనకే ఎక్కువుందని విన్న దూలయ్య, చస్తే మా ఊళ్ళోనే చస్తానని భద్రాచలం బస్సెక్కి, అక్కణ్ణుంచి అడవిలోని తన గూడేనికి నడిచిపోయాడు. డబ్బా పట్టుకుని జంపక్క కూడా వెనకే నడిచింది.

ఆదినారాయణ భార్య ఉప్పలమ్మ మొగుడి కంచం, గ్లాసు, దుప్పటి వేరుచేసి, మంచం బర్రెల కొట్టంలో వేసింది. పాపం అతనికి ఆ సోమవారం తప్ప ఎప్పుడూ దగ్గు లేదు. రోగం ఉందన్నాక గంటకోసారి దగ్గు మొదలైంది.

ఈ వార్తలన్నీ గురువారం మధ్యాహ్నం దాకా సెంటర్లో కూర్చున్న సంపత్‌కు ఒక్కొక్కటే అందుతున్నాయి. మొదట అతను తన తప్పు బయటపడుతుందని మాత్రమే భయపడ్డాడు. మచ్చ దుమ్ముదే అయి ఉంటుందనుకుని, తన అసలు ఎక్స్‌రే తెరిచాడు. మచ్చ అక్కడే ఉంది. చేరిన రోజునే దాన్ని చూశాడు కూడా. వేరేవాళ్ళ ముఖం మీద అయితే రెండు నిమిషాల్లో తుడిచేసేవాడు. తన బొమ్మ కదా, ఎవరికి చూపించాలని వదిలేశాడు.

పదకొండు మందికీ ఉన్నది ఒక్కరి ఊపిరితిత్తులే అయితే, రోగం కూడా ఆ ఒక్కరిదే కావాలి కదా. లెక్క తేలింది. రెండు నెలల దగ్గు, వదులైన ప్యాంట్లు, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం అన్నీ వరసకట్టి కళ్ళ ముందు నిలబడ్డాయి. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే పదకొండు మంది లేని రోగానికి ఆరు నెలలు మందులు మింగుతారు, తను ఉన్న రోగంతో మైసూర్‌పాక్ తింటూ కూర్చుంటాడు. ఎటూ తేల్చుకోలేక గంటసేపు కంప్యూటర్ తెర తుడిచాడు.

సరిగ్గా అప్పుడే కిటికీ అవతల ఆదినారాయణ కనిపించాడు. మూతికి తువ్వాలు చుట్టుకుని, ఎవరికీ తగలకుండా ఎండలో దూరంగా నిలబడ్డాడు.

"సంపతన్నా! జర మంచిగ చూసి చెప్పవా? నా బిడ్డకు ఏడాది నిండలే. ఎత్తుకోవద్దంటుండ్రు. నన్ను చూసి చేతులు చాపుతుందే. నేనేమో కొట్టంలకెళ్ళి చూసుకుంట కూసున్న."

సంపత్ చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "ఆదినారాయణా, నువ్వు ఈడనే ఉండు. ఇంటికి పోకు" అని చెప్పి, రుమాలు మూతికి కట్టుకుని సునంద గదిలోకి వెళ్ళాడు. క్యాంపు చూడటానికి ఖమ్మం నుంచి కారులో వచ్చిన హరిప్రసాద్ కూడా అక్కడే ఉన్నాడు.

"మేడం, ఆ పదకొండు మందికి రోగం లేదు."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు హరిప్రసాద్.

"అవి వాళ్ళ ఊపిరితిత్తులు కావు సార్. నావి."

హరిప్రసాద్ ఫైలు వంక చూశాడు, సంపత్ ఛాతీ వంక చూశాడు. "పదకొండూ?"

"అవ్ సార్. అన్నీ నావే. మసకగొచ్చినయని నేనే అతికించిన. పని పోతదని భయపడ్డ."

"దూలయ్యది?"

"అది కూడా నాదే సార్."

"దానికి కొంచెం ఎక్కువుందని రాసిన కదయ్యా!" అని హరిప్రసాద్ ఫైలు మూసేసి కిటికీలోంచి బయటికి చూశాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడాలో కాసేపటిదాకా తేలలేదు. సునంద ఒక మాస్కు తీసి సంపత్ చేతిలో పెట్టింది. "నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు కళ్ళె పరీక్షకు ఇచ్చి రా. మీ ఇంట్లో ఎంతమందో రాసివ్వు, వాళ్ళకూ చేయించాలి" అంది.

మరునాడు డ్రైవర్లను మళ్ళీ తీసుకొచ్చారు. గూడెం నుంచి దూలయ్యను జంపక్క వెంటబెట్టుకొచ్చింది. అసలు సంగతి విన్నాక డ్రైవర్లు సంపత్‌ను తిట్టారు. అందరికంటే గట్టిగా ఉప్పలమ్మ తిట్టింది, ఆమె పక్షాన న్యాయం ఉంది కనుక సంపత్ నిలబడి మొత్తం విన్నాడు. అయితే ఎక్స్‌రే గదిలో కథ మళ్ళీ మొదటికొచ్చింది. హెప్సిబా ఊపిరి ఆపమంటే ఒకడు నవ్వుతాడు, ఇంకొకడు పక్కకు చూస్తాడు.

"అన్నా, నా వల్ల కాదు. నువ్వేమన్న చెప్తే వింటరేమో చూడు" అంది ఆమె.

సంపత్ మాస్కు సర్దుకుని, బయట వరండాలోనే దూరంగా నిలబడి, కిటికీలోంచి గొంతు పెంచాడు. "దూలయ్యా, భుజాలు ముందుకు తే. గంతే. గడ్డం జర పైకి. మంచిగున్నవ్. ఇప్పుడు ఊపిరి పీల్చు... పీల్చు... ఆపు! గట్లనే ఉండు, కదలకు... అయిపాయె." ఇరవై రెండేళ్ళు ఏడ్చే పసిపిల్లల్నీ, నవ్వని మామల్నీ, కుదురుగా కూర్చోని పెళ్ళివారినీ నిలబెట్టిన గొంతు అది. డ్రైవర్లు శిలావిగ్రహాల్లా నిలబడ్డారు. పదకొండు బొమ్మలూ తేటగా వచ్చాయి. పదకొండు మందికీ పదకొండు రకాల ఊపిరితిత్తులు, ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు. ఆదినారాయణ అక్కడికక్కడే తువ్వాలు విప్పి ఉప్పలమ్మ చంకలోంచి బిడ్డను లాక్కున్నాడు.

సాయంత్రం సంపత్ కళ్ళె రిపోర్టు వచ్చింది. టీబీ ఉంది.

"ఇప్పుడే మొదలైంది, ఆరు నెలలు మందులు వాడితే పూర్తిగ తగ్గిపోతది" అన్నాడు హరిప్రసాద్. కాస్త ఇష్టంలేనట్టుగానే మరో మాట కూడా అన్నాడు. "నిజం చెప్పాలంటే, నీ ఎక్స్‌రే ఒక్కటే వచ్చుంటే దుమ్మని వదిలేసేటోన్ని. పదకొండు సార్లు చూపించినవు కాబట్టి దొరికింది."

వరండాలో అరుణశ్రీ ఏడ్చింది, తర్వాత కోప్పడింది, తర్వాత మందుల డబ్బా లాక్కుని తన సంచిలో వేసుకుంది. ఇంట్లో మిగతావాళ్ళకు ఏమీ లేదని తేలాక సంపత్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

సునంద చెప్పిన తీర్పు చిన్నది. అంటుకునే ప్రమాదం లేదని డాక్టర్లు చెప్పేదాకా సంపత్ ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత వచ్చి ఎక్స్‌రే గది దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళను కుదురుగా నిలబెట్టాలి. కంప్యూటర్ హెప్సిబాది. మౌస్ మీద సంపత్ చెయ్యి కనబడిన రోజే అతని ఆఖరి రోజు.

సంపత్ తిరిగి చేరినప్పటి నుంచి ఆ సెంటర్ నుంచి మసక బొమ్మ ఒక్కటీ ఖమ్మం వెళ్ళలేదు, హరిప్రసాద్ ఒక్కటీ తిప్పి పంపలేదు. ఆ ఏడాది లెక్కలు చూసుకున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, అత్యుత్తమ పనితీరు కనబరిచినందుకు తమ సాఫ్ట్‌వేర్‌ను అభినందిస్తూ సెంటర్‌కు ఒక ప్రశంసాపత్రం పంపింది.