క్లోరిన్ గారి సంతానం

కుళాయి నీళ్లు కంపు కొడుతున్నాయని ముక్కు మూసుకునేవాళ్లంటే నాకు మహా చిరాకు. అది కంపు కాదండీ, భరోసా! మునిసిపాలిటీ వారు మనల్ని మరిచిపోలేదని రోజూ పొద్దున్నే ముక్కుకు నేరుగా అందే కబురు.

మా ఇంట్లో ఆ వాసన చేస్తున్న మేలు అంతా ఇంతా కాదు. వంటింట్లో మా ఆవిడ కుళాయి విప్పితే పడగ్గదిలో నాకు మెలకువ వస్తుంది. అలారం కొనక్కర్లేదు. కాఫీలో పంచదార ఎక్కువైందా తక్కువైందా అన్న గొడవ మా మధ్య ఎప్పుడో సర్దుమణిగింది. రుచే తెలియనప్పుడు గొడవెక్కడిది?

నా ముదురు నీలం చొక్కా ఈ నీళ్లలో నానీ నానీ లేత నీలం చొక్కా అయింది. కాస్త ఓపిక పడితే తెల్ల చొక్కా అవుతుంది. ఒక చొక్కా కొంటే మూడు తొడుక్కునే భాగ్యం ఏ కొట్టువాడిస్తాడు చెప్పండి? పక్కింటి డ్రిల్లు మాస్టారు గాజు తొట్టెలో ఈ నీళ్లే పోసి చేపల్ని వదిలారు. తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. చేపలకి ఓర్పు తక్కువ. మనం మనుషులం కదా!

ఇప్పుడు చదువుకున్నవాళ్లు కొందరు కొత్త పాట ఎత్తుకున్నారు. క్లోరిన్ గారు ఒంటరివారు కారట, ఆయనకి సంతానం కూడా ఉందట. నీళ్లతో పాటు కుళ్లిన ఆకులూ, నాచూ, బురదా వస్తాయి కదా. వాటిని సరిగ్గా వడకట్టకుండా క్లోరిన్ పోసేస్తే రెండింటికీ జత కుదిరి ట్రైహాలోమీథేన్లనేవి పుడతాయట. పేరు చూశారా? మా వీధి మొత్తం మీద ఇంత బరువైన పేరున్నవాళ్లు లేరు.

ఇవి ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే మూత్రాశయానికి కేన్సర్ ముప్పు పెరగవచ్చట. కడుపులో బిడ్డ బరువు తగ్గుతుందేమోనని కూడా అనుమానమట. తాగితేనే కాదు, తలుపేసుకుని వేణ్ణీళ్ల స్నానం చేస్తే ఆవిరితో ముక్కులోంచీ పోతాయట, చర్మంలోంచీ పోతాయట. ఎంత సౌకర్యం! ఏ ప్రభుత్వ పథకమైనా ఇన్ని దారుల్లో మనిషిని చేరిందా? దరఖాస్తు లేదు, సిఫార్సు లేదు, క్యూ అసలే లేదు.

ఇంకో విశేషం. ఈ సంతానం పైపులో ప్రయాణం చేస్తున్నంతసేపూ పెరుగుతూనే ఉంటుందట. వాటర్ వర్క్స్ గేటు పక్కవాళ్లకి ఏవో ఒకటి రెండు పసికూనలు దక్కుతాయి. మాది పైపులైనులో ఆఖరి వీధి. మా దాకా వచ్చేసరికి ఉమ్మడి కుటుంబమే దిగుతుంది!

ఇదంతా సెల్‌ఫోన్‌లో చదివి నా చెవిన వేసింది మా అమ్మాయి. భర్తతో మా మేడ మీదే ఉంటుంది. దానికిప్పుడు ఆరో నెల. నీళ్లు బాగా తాగమని డాక్టరమ్మ చెప్పింది. ఇది గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి, వాసన చూసి, దించేస్తుంది.

"మరీ అంత సుకుమారం పనికిరాదే. మేమంతా తాగట్లేదూ?" అన్నాను.

"నువ్వు నీ ఒక్కడి కోసం తాగుతావు నాన్నా" అంది.

దాని నోరు మూయించడానికి మా బావమరిదిని భోజనానికి పిలిచాను. వాటర్ వర్క్స్‌లో ఇంజనీరు. మేనకోడలంటే ప్రాణం పెడతాడు.

"వానలకి నీళ్లు మురికిగా వస్తే ఇంకాస్త క్లోరిన్ దట్టిస్తాం. ఇంకేం భయం?" అన్నాడు, ముద్ద కలుపుతూ.

"మురికి తీసేశాక వెయ్యొచ్చుగా మావయ్యా?"

"మురికి వడకట్టే ఫిల్టర్లలో ఇసుక పాతబడిపోయింది, మార్చాలంటే ప్లాంటు ఆపాలమ్మా. ఆపితే జనం ఊరుకుంటారా?"

ఎంత ప్రజాభిమానం! నేను గర్వంగా అమ్మాయి వంక చూశాను. బావమరిది ఇంకా హుషారెక్కాడు. "ట్రైహాలోమీథేన్లకి కూడా నెల నెలా పరీక్ష చేయిస్తాం. ఇంతవరకూ ఒక్కసారి ఫెయిలవలేదు తెలుసా!"

"పరీక్షకి నీళ్లెక్కడ పడతారు?"

"మా గేటు పక్క కుళాయిలో. ఎప్పుడూ అక్కడే."

"మా కుళాయిలో పట్టొచ్చుగా?"

"ఓసి పిచ్చితల్లీ, మీ కుళాయిలో పడితే ఫెయిలవుతుంది! అందుకే పట్టం" అని పకపకా నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు. వడ్డిస్తున్న మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. అప్పుడు చూశాడు వాడు మేనకోడలి కడుపు వైపు. ముద్ద కంచంలో పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. క్లోరిన్ మీద కాదు. అది లేకపోతే కలరాతో ఏనాడో పోయేవాళ్లం. ముందు చెయ్యాల్సిన పని ఎగ్గొట్టి, ఆ లోటు కాస్తా క్లోరిన్ నెత్తిన రుద్ది, పాసయ్యే చోటు వెతుక్కుని పరీక్షలు పెట్టుకుంటున్న ఆఫీసు మీద. ఆ ఆఫీసుని ఇంతసేపూ వెనకేసుకొచ్చిన నా మీద కూడా.

అమ్మాయి లేచింది. వంటింటి కుళాయి కింద సీసా పట్టి, బిరడా బిగించి తెచ్చి మేనమామ ముందు పెట్టింది.

"ఇది పట్టుకెళ్లు మావయ్యా. ఫెయిలవనీ. ఫెయిలైతే గానీ మీరు ఇసుక మార్చరు."

వాడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. "తీసుకోరా" అంది వాళ్లక్క. చెయ్యి కడుక్కొచ్చి తీసుకున్నాడు.

కనుక పాఠక మహాశయులారా, మా కుళాయి మొట్టమొదటిసారి పరీక్షకి వెళ్లింది. మీకు తెలిసిన పిల్లలందరూ పాసవ్వాలని మీరు దీవిస్తారని తెలుసు. ఈ ఒక్కటీ మాత్రం ఫెయిలవ్వాలని కోరుకోండి. ఆ ఫలితం కోసమే మా ఇంట్లో ఇంకా పుట్టని వారొకరు ఎదురుచూస్తున్నారు.