డిక్కీలో ఎర్ర పెట్టె

శనివారం పొద్దున్న వెండెల్ వేసుకున్న పథకం చిన్నదే. ఒహాయో ఎండ ముదరకముందే కారును, రెండేసి కార్లు తిన్నగా దూసుకెళ్ళే డ్రాగ్ పందేల మైదానానికి చేర్చాలి, ఒక్క పందెమైనా గెలవాలి. గెలవకపోతే కారు అమ్మేసి గ్యారేజీ తనకు ఖాళీ చేయాలని భార్య లొరెయిన్ తెగేసి చెప్పింది. ఏళ్ళ తరబడి చలికాలమంతా ఆమె కారు బయట మంచులో నానుతోంది మరి.

వెండెల్ కారుకి సూపర్‌చార్జర్ ఉంది. అది ఇంజిన్లోకి గాలిని బలంగా తోస్తుంది, ఆ తోపుడికి గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చాల్సిన ఇంటర్‌కూలర్ నీళ్ళు తామే కాగిపోయి, కారు నెమ్మదించేది. అందుకని వెండెల్ వారమంతా తంటాలు పడి, ఆ నీళ్ళు డిక్కీలోని ఐసు పెట్టె గుండా తిరిగేలా గొట్టాలూ పంపూ బిగించాడు. పెట్టె మాత్రం కొత్తది కొనలేదు. లొరెయిన్ పిక్నిక్ పెట్టెకే రెండు బెజ్జాలు పెట్టాడు. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

"మన ఎర్ర ఐసు పెట్టె ఏదీ?" బయల్దేరేముందు లొరెయిన్ అడిగింది.

"డిక్కీలో పెట్టేశాన్లే."

అబద్ధం కాదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆ మైదానంలో ఎవరి కారు ఎన్ని సెకన్లలో గీత దాటుతుందో వాళ్ళే ముందుగా అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది కారును ముందు వదులుతారు. ముందు గీత దాటినవాడిదే గెలుపు, కానీ రాసినదానికంటే తొందరగా దాటినవాడు ఓడినట్టే. వెండెల్ పెట్టెలో ఐసూ నీళ్ళూ నింపి, పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్ళాడు.

ఈలోగా లొరెయిన్ గిన్నెడు బంగాళదుంప సలాడ్ తమ్ముడు డ్యూయీ చేతికిచ్చి ఐసులో పెట్టమంది. డ్యూయీ డిక్కీ తెరిచాడు.

"అబ్బ, బావ ఐసు కూడా పోసి ఉంచాడే!" అని మురిసిపోయి, గిన్నె పెట్టేసి, గట్టిగా మూతేశాడు.

వెండెల్ తిరిగొచ్చి, డిక్కీ వంక చూడకుండానే కారును పందెం గీత దగ్గరికి తెచ్చాడు. పచ్చదీపం వెలిగింది. కారు ముందుకు దూకింది, గిన్నె వెనక్కి దొర్లింది. సగం దారిలో పంపు మూలిగి ఆగిపోయింది. వేడిని చూపే ముల్లు పైకి పాకింది, ఇంజిన్ నీరసపడింది. గీత దాటి, పక్కకు ఆపి, డిక్కీ తెరిచి చూస్తే సలాడ్‌లోని తెల్లటి మయొనైజ్ నురుగులో బంగాళదుంపలు తేలుతున్నాయి.

"డ్యూయీ! ఏం చేశావురా నాయనా?" పరుగెత్తుకొచ్చిన బావమరిదిని వెండెల్ నిలదీశాడు.

"అక్కే పెట్టమంది బావా! ఐసు పెట్టెలో సలాడ్ పెట్టక ఇంకేం పెడతారు?"

వెనకే వచ్చిన లొరెయిన్ చూపు గొట్టాల మీద పడింది. "నా పెట్టెకి బెజ్జాలు పొడిచావా?"

"పొడిచాను," అన్నాడు వెండెల్. ఇక దాచి ఏం లాభం? "కారు కూడా పోయినట్టే. అమ్మేద్దాం."

"అమ్మడమేంటి? గెలిచావుగా!" డ్యూయీ ఫలితాల చీటీ చూపించాడు. "అద్దం మీద నువ్వు పోయినసారి అంకే ఉంచేశావు బావా. ఆ ఐసు గనక పనిచేసుంటే, రాసినదానికంటే తొందరగా దాటి ఓడిపోయేవాడివి. మా అక్క సలాడే నిన్ను గెలిపించింది!"

లొరెయిన్ మాట తప్పే మనిషి కాదు. ఆ చలికాలం కూడా ఆమె కారు మంచులోనే ఉంది.

బెజ్జాల పాపానికి చాలా రాత్రులు వెండెల్ కూడా ఆ కారులోనే పడుకున్నాడు.